చొక్కా మీద చొక్కా: ఒక పద్నాలుగేళ్ళ అబ్బాయి కేసు

మగపిల్లలు తమ ఒంటి గురించి బాధపడుతున్నామని చెప్పుకుంటూ క్లినిక్‌కి రారు. తలనొప్పి అని వస్తారు. చదువు పడిపోయిందనో, కోపం ఎక్కువైందనో పెద్దవాళ్ళు తీసుకొస్తారు. అసలు సంగతి బయటికి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి రానే రాదు. ఈ కేసు రాయడానికి అదొక కారణం. ఇంకోటి ఏమిటంటే, ఇందులో అబ్బాయి బాధపడుతున్న మార్పు ఒంట్లో నిజంగానే ఉంది. "అదంతా నీ ఊహ" అని తేల్చేయడానికి లేదు. అలాంటప్పుడు మనం ఎక్కడ పని చేయాలన్న ప్రశ్న వస్తుంది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఆ అబ్బాయి, అతని తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆనవాలు పట్టగలిగే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

తొమ్మిదో తరగతి. ఇంట్లో అమ్మ, నాన్న, ఒక అక్క. చిన్నప్పటి నుంచి పెద్ద జబ్బులేవీ లేవు, మానసిక సమస్యలూ లేవు. వాలీబాల్ బాగా ఆడేవాడు, స్కూల్ జట్టులో ఉండేవాడు. ఏడాదిగా పొడవు బాగా పెరుగుతున్నాడు, గొంతు మారడం ఇంకా మొదలవలేదు.

తలనొప్పులకి మొదట ఫ్యామిలీ డాక్టర్ చూశారు. కళ్ళు పరీక్ష చేయించారు, రక్తపోటు చూశారు, ఏమీ తేలలేదు. ఒకసారి మాట్లాడి చూడమని నా దగ్గరికి పంపారు.

తీసుకొచ్చిన సమస్య, అసలు సమస్య

తల్లిదండ్రులు చెప్పిన జాబితా పెద్దదే. వాలీబాల్ మానేశాడు. మార్కులు తగ్గాయి. అక్క మీద ఊరికే విరుచుకుపడుతున్నాడు. ఫోన్ పట్టుకుని గదిలోనే ఉంటాడు. "ముసలాడిలా ఒంగి నడుస్తున్నాడండీ" అన్నారు నాన్న. అమ్మ చివర్లో, అంత ముఖ్యం కానట్టు, ఇంకో మాట అన్నారు: ఎంత ఉక్కపోసినా బనీను మీద టీషర్టు, దాని మీద చొక్కా వేసుకుంటున్నాడని. ఈ కాలం ఫ్యాషనేమో అనుకున్నారట.

నాకు ఆ చివరి మాట దగ్గరే ఆగాలనిపించింది. ఫోన్, మార్కులు, కోపం ఈ వయసులో ఏ సమస్యకైనా అతుకుతాయి. వేడిలో మూడు పొరల బట్టలు అన్నిటికీ అతకవు. చేతుల మీద గాయాలు దాచుకుంటున్నాడా అన్నది మొదటి అనుమానం. బరువు తగ్గి దాన్ని దాస్తున్నాడా అన్నది రెండోది. స్కూల్ టైంటేబుల్ తెప్పించి, తలనొప్పి వచ్చిన రోజులు దాని పక్కన రాయించాను. దాదాపు అన్నీ పీటీ పీరియడ్ ఉన్న రోజులే.

అతనితో ఒంటరిగా మాట్లాడే ముందు, ఏ విషయం మా మధ్యే ఉంటుందో, ఏది అమ్మానాన్నలకి చెప్పక తప్పదో స్పష్టంగా చెప్పాను. ప్రాణానికి ముప్పు అనిపిస్తే చెప్తాను, మిగతాది నువ్వు చెప్పమంటేనే అని. పిల్లలు ఈ హద్దు ఎక్కడుందో తెలిస్తేనే మాట్లాడతారు. తెలియకపోతే హద్దు చాలా దగ్గరగా ఉందనుకుని ఏదీ చెప్పరు.

చేతులు చూపించమంటే వెంటనే చూపించాడు, గాయాలు లేవు. "పై చొక్కా తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆడదాన్ని కాబట్టి ఇబ్బందిగా ఉందేమోనని, కావాలంటే మా సహోద్యోగి దగ్గరికి మార్చగలనని చెప్పాను. వద్దన్నాడు. కాగితం, పెన్ను ముందు పెట్టాను. ఒకే వాక్యం రాసి, కాగితం బోర్లించి నా వైపు జరిపాడు: "నాకు అమ్మాయిలకి వచ్చినట్టు వస్తోంది."

తర్వాత కొంచెం కొంచెంగా బయటపడింది. జట్టులో ఒకడు అది గమనించి ఒక పేరు పెట్టాడు, ఆ పేరు క్లాసంతా పాకింది. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట క్యాన్సర్ అని, ఇంకోచోట హార్మోన్లు పాడైపోయాయని చదివాడు. ఛాతీ తగ్గుతుందని రోజూ రాత్రి తలుపు వేసుకుని పుషప్స్ తీశాడు. రాత్రి భోజనం మానేసి చూశాడు. చివరికి బనీను కింద క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. దాని కింద చర్మం ఎర్రగా కమిలిపోయింది. పరుగెత్తితే ఊపిరి ఆడదు. అది కట్టుకుని వాలీబాల్ ఆడలేడు, విప్పి ఆడే ధైర్యం లేదు.

చావు ఆలోచనల గురించి సూటిగా అడిగాను. చనిపోవాలని లేదు గాని, "నిద్రలోంచి లేవకపోయినా బాగుండు" అని అనిపిస్తుందన్నాడు. దీన్ని తల్లిదండ్రులకి చెప్పాల్సినదిగానే తీసుకున్నాను, ఏ మాటల్లో చెప్పాలో అతనితో కలిసే నిర్ణయించాను. అలా అనిపించినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో రాసి పెట్టుకున్నాం. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆ ప్రశ్న మళ్ళీ అడిగాను.

ముందు ఒళ్ళు, తర్వాత మనసు

మొదటి నిర్ణయం చికిత్స మొదలుపెట్టకపోవడం. ఎవరూ పరీక్షించని శరీరం గురించి "భయపడకు" అనే హక్కు నాకు లేదు. పిల్లల వైద్యుడి దగ్గరికి పంపాను. బ్యాండేజీ సంగతి ముందే ఫోన్ చేసి చెప్పాను, అక్కడ చొక్కా విప్పినప్పుడు అది చూసి ఆయన ఆశ్చర్యపడకూడదని.

రెండు వైపులా చనుమొన కింద చిన్నగా, రబ్బరులా తగిలే గ్రంథి కణజాలం ఉంది. నొక్కితే కాస్త నొప్పి. వృషణాలు మామూలుగా ఉన్నాయి, మందులేవీ వాడటం లేదు. యౌవన దశలో వచ్చే గైనకోమాస్టియా, అంటే మగవాళ్ళలో రొమ్ము గ్రంథి పెరగడం, అని డాక్టర్ తేల్చారు. లెక్కలు రకరకాలుగా ఉన్నా, ఎదిగే మగపిల్లల్లో దాదాపు సగం మందికి ఎంతో కొంత వస్తుందని చెప్తారు. ఈస్ట్రోజెన్, ఆండ్రోజెన్ అనే హార్మోన్ల మధ్య తాత్కాలికంగా వచ్చే తేడా వల్ల ఇది సాధారణంగా 12 నుంచి 14 ఏళ్ళ మధ్య కనిపిస్తుంది. చాలామందిలో ఆరు నెలల నుంచి రెండేళ్ళలో దానంతటదే తగ్గుతుంది. ఒక్క వైపే గట్టి గడ్డ, స్రావం, వేగంగా పెరగడం, వృషణాల్లో గడ్డ, ఎదుగుదల మొదలు కాకముందే రావడం లాంటివి ఉంటే మాత్రం పరీక్షలు చేయాలి. ఇతనికి అవేవీ లేవు. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూద్దామన్నారు.

ఇది కొవ్వు కాదు, గ్రంథి అని డాక్టర్ బొమ్మ గీసి చూపించడంతో రాత్రి భోజనం మానడం ఆగింది. తిండికీ దీనికీ సంబంధం లేదని అర్థమైంది. సన్నబడాలన్న కోరిక విడిగా ఏమీ కనిపించలేదు, బరువు ఎత్తుకి తగ్గట్టే ఉంది. అందుకని తిండికి సంబంధించిన రుగ్మతను పక్కన పెట్టాను.

బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్, అంటే ఒంటిలో లోపం ఉందన్న ఆలోచన వదలని రుగ్మత, అనాలా అన్నది అంత తేలిక ప్రశ్న కాదు. మానసిక రుగ్మతల నిర్ధారణకి వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5 (2013) దాన్ని ఓసీడీ కుటుంబంలో, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, పదే పదే చేసే పనులు ఉండే రుగ్మతల్లో పెట్టింది. ఇతరులకి కనిపించని, లేదా చాలా స్వల్పంగా కనిపించే లోపం గురించి విడవని ఆలోచన, దానితో పాటు పదే పదే చూసుకోవడం, పోల్చుకోవడం, ఇతరుల్ని అడగడం ఉండాలి. అది కౌమారంలోనే ఎక్కువగా మొదలవుతుంది కూడా. ఇతని ప్రవర్తన ఆ వైపే మొగ్గుతోంది. కానీ మార్పు నిజమైనది, కొత్తది, డాక్టర్ నిర్ధారించినది. పైగా ఎగతాళి నిజంగా జరుగుతోంది. జబ్బు పేరు పెట్టకుండా, ఆ ప్రవర్తన మీదే పని చేయాలనుకున్నాను. రెండు నెలల్లో ఏ మార్పూ లేకపోయినా, చావు ఆలోచనలు పెరిగినా సైకియాట్రిస్టుకి పంపాలని ముందే గీత గీసుకుని, తల్లిదండ్రులకి చెప్పాను.

పని చేయనివి

డాక్టర్ మాటతో వచ్చిన ఊరట కొద్ది రోజులే ఉంది. తర్వాత "తగ్గిందా?" మొదలైంది. రాత్రి నాన్నని, పొద్దున అమ్మని. "ఏమీ లేదు నాన్నా, బాగానే ఉన్నావు" అనేవారు వాళ్ళు. ఆ మాట అతనికి గంటసేపు పనికొచ్చేది. టేపుతో ఛాతీ కొలుచుకునేవాడు. పక్క నుంచి ఫోటోలు తీసుకుని నిన్నటి ఫోటోతో పోల్చేవాడు. మానుతున్న పుండుని మానిందా లేదా అని రోజూ గీకి చూసినట్టుంది అతని వ్యవహారం. "మామూలే" అన్న మాటని అతను ఇంకోలా విన్నాడు: వీళ్ళకి నాకు కనిపించేది కనిపించట్లేదు, లేదా కనిపించి అబద్ధం చెప్తున్నారు.

ఆలోచనని కాగితం మీద రాసి, దానికి సాక్ష్యాలు, ఎదురు సాక్ష్యాలు వెతికే మామూలు పద్ధతి కూడా నడవలేదు. తెలివైన పిల్లలతో ఇది తరచూ వాదనగా మారిపోతుంది, వాదనలో వాళ్ళు మనకంటే చురుకు. సగం మందికి వస్తుందన్న లెక్కని అతను ఇలా తిప్పి కొట్టాడు: "మా క్లాసులో ఇరవై మంది అబ్బాయిలం మేడమ్. పదిమందికి ఉండాలి కదా. ఒక్కడికీ కనిపించదే?"

వాదనగా చూస్తే నేను ఓడినట్టే. కానీ ఆ ప్రశ్నని రాసి పెట్టుకున్నాను. సగం లెక్క నిజమైతే, ఆ పిల్లల్లో కొందరికి ఉండి కూడా ఇతనికి కనిపించట్లేదన్నమాట. ఒంటి మీద అంత శ్రద్ధగా వెతికే కళ్ళకే ఇతరులది కనిపించకపోతే, వెతకని కళ్ళకి ఇతనిది ఎంత కనిపిస్తుంది? అప్పుడే అడిగితే "నాది ఎక్కువ" అనేవాడు. అది మాటలతో తేలేది కాదు, చూసి తేల్చుకోవాల్సినది.

ఈలోగా నాన్న, మంచి ఉద్దేశంతోనే, స్కూల్‌కి వెళ్ళి ఫిర్యాదు చేశారు. మర్నాడు క్లాసులో అందరి ముందూ, ఫలానా అబ్బాయిని ఎవరూ ఆ పేరుతో పిలవకూడదని ప్రకటన వచ్చింది. అప్పటిదాకా ఆ పేరు తెలియని వాళ్ళకి కూడా తెలిసింది. వారం పాటు స్కూల్‌కి వెళ్ళలేదు.

ఫోన్ లాక్కోమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వలేదు. వాలీబాల్ మానేశాక అతనికి స్నేహితులతో మిగిలిన ఒకే దారి అది. ఫోటోల ఫోల్డర్ వేరే సంగతి, దాన్ని తర్వాత అతనే తీసేశాడు.

పని చేసింది

సైకాలజిస్టు డేవిడ్ ఎల్కైండ్ 1967లోనే చెప్పిన సంగతి ఇది: ఈ వయసు పిల్లలు తమ చుట్టూ ఎప్పుడూ ఒక ప్రేక్షక సమూహం కూర్చుని తమనే చూస్తోందన్నట్టు బతుకుతారు. అది అహంకారం అనిపిస్తుంది పెద్దవాళ్ళకి. దాన్ని మోసేవాడికి అది నిరంతర పరీక్ష. సామాజిక భయం, అంటే నలుగురిలో ఉండటానికి భయం, మీద సైకాలజిస్టులు క్లార్క్, వెల్స్ 1995లో ఇచ్చిన నమూనా దీనికి ఇంకో ముక్క కలుపుతుంది. భయపడే మనిషి దృష్టి లోపలికి తిరుగుతుంది, లోపల తనకి అనిపించే రూపాన్నే బయటివాళ్ళు చూస్తున్నారనుకుంటాడు. తనని కాపాడతాయనుకుని చేసే పనులే ఆ నమ్మకాన్ని పరీక్షకి నిలబడనివ్వవు. ఇతనికి ఆ పనులు మూడు పొరల బట్టలు, బ్యాండేజీ, ఒంగిన భుజాలు, ఛాతీ మీద కట్టుకున్న చేతులు, క్షణక్షణం చొక్కా ముందుకి లాక్కోవడం.

సిద్ధాంతం చెప్పలేదు అతనికి. 2000లో సైకాలజిస్టు గిలోవిచ్ బృందం ప్రచురించిన ప్రయోగం చెప్పాను. సిగ్గుగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్టు ఒక్కో విద్యార్థికి తొడిగి, మిగతా విద్యార్థులున్న గదిలోకి పంపారు. బొమ్మని ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే, తొడుక్కున్నవాళ్ళు దాదాపు సగం మంది అన్నారు. నిజానికి గమనించినది పావు వంతు. "మనం కూడా చేద్దామా?" అన్నాడు. ఆ ప్రశ్న అతని నుంచి రావడం నాకు ముఖ్యం. నేను సూచించి ఉంటే అది ఇంకో ఓదార్పు అయ్యేది.

అతను, తల్లిదండ్రులు ఒప్పుకున్నాక క్లినిక్ వరండాలో రెండు వీడియోలు తీశాం. ఒకదాంట్లో ఎప్పటిలాగే మూడు పొరలతో, ఒంగి, చేతులు కట్టుకుని నడిచాడు. రెండోదాంట్లో ఒకే టీషర్టుతో, బ్యాండేజీ లేకుండా, నిటారుగా. ఇతని గురించి ఏమీ తెలియని మా శిక్షణార్థులు కొందరికి చూపించి, "ఈ అబ్బాయిలో ఏం గమనించారు?" అని మాత్రమే అడిగాం. జవాబులు చూడకముందే తన అంచనా రాయమన్నాను. రెండో వీడియోలో అందరూ ఛాతీనే చూస్తారని రాశాడు.

మొదటి వీడియోకి వచ్చిన జవాబులు: చలేస్తోందా, కడుపు నొప్పిగా ఉందా, ఎవరికో భయపడుతున్నట్టున్నాడు, ఏదో దాస్తున్నాడు. రెండోదానికి: పొడుగ్గా ఉన్నాడు, బూట్లు బాగున్నాయి, నడక వేగంగా ఉంది. ఛాతీ మాట ఎవరూ ఎత్తలేదు. "ఏదో దాస్తున్నాడు" అన్న జవాబు దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత తనే రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూసి, "ఒంగితేనే చొక్కా వేలాడి ఎక్కువ కనిపిస్తోంది మేడమ్" అన్నాడు. అది నేను చెప్పగలిగిన మాటే. నేను చెప్పి ఉంటే దానికీ ఒక ఎదురు వాదన ఉండేది. వీడియోలు అతని ముందే తుడిచేశాం.

ఎవరైనా ఛాతీ గమనించి ఉంటే? ఆ అవకాశం ఉందని తెలిసే చేశాను, అతనికీ ముందే చెప్పాను. ఒకరిద్దరు చూసి ఉన్నా అతని అంచనా "అందరూ" అన్నది. ఎవరికీ కనిపించదని నిరూపించడం నా ఉద్దేశం కాదు. అతని అంచనాకీ, జరిగేదానికీ మధ్య దూరం ఎంతో అతను చూడాలి.

ఇక మెట్లు. మొదట బ్యాండేజీ తీసేశాం. అది ధైర్యానికి సంబంధించిన మెట్టుగా కాక, చర్మం కోసం, ఊపిరి కోసం డాక్టర్ ఆదేశంగా పెట్టాను. చర్చకి తావు లేని మెట్టు ఒకటి ముందుంటే మిగతావాటికి బేరం ఆడే ఓపిక మిగులుతుంది. తర్వాత ఇంట్లో ఒకే పొర, ఆపైన బయట ఒకే పొర, ఆపైన చొక్కా లాక్కోకుండా ఒక పీరియడ్. ప్రతి మెట్టుకీ ముందు అంచనా, తర్వాత జరిగింది. దృష్టి లోపలికి తిరిగినప్పుడు బయటికి తిప్పే పని ఒకటి ఇచ్చాను. కానీ దానికి అసలు సాయం చేసింది వాలీబాల్. బంతి గాల్లో ఉండగా ఎవడూ తన ఛాతీ గురించి ఆలోచించలేడు. మొదట ఒక్క స్నేహితుడితో, ఖాళీ కోర్టులో ఆడాడు.

ఆటని చివర్లో ఇచ్చే బహుమానంగా పెట్టుకోకుండా ముందుకు జరపడానికి కారణం ఉంది. పిల్లలు తమని తాము ఒకే కొలతతో కొలుచుకోరని, చదువు, ఆట, స్నేహం, రూపం అన్నీ విడివిడిగా చూసుకుంటారని సైకాలజిస్టు సూసన్ హార్టర్ పరిశోధనలు చూపించాయి. వాటిలో రూపం మొత్తం ఆత్మగౌరవాన్ని బలంగా లాగుతుంది. ఇతను రూపాన్ని దాచుకోవడానికి ఆటని, దానితో స్నేహాల్ని వదిలేశాడు. చివరికి తన చేతిలో ఉన్న కొలత రూపం ఒక్కటే అయింది.

తల్లిదండ్రుల పని వేరు. "తగ్గిందా?" అన్నప్పుడు జవాబు చెప్పకూడదు, కసరకూడదు. "దానికి నేను జవాబు చెప్పను, నీ పక్కన కాసేపు కూర్చుంటాను" అనాలి. అమ్మ త్వరగా అలవాటు పడ్డారు. నాన్నకి చాలా కష్టమైంది. కొడుకు అడుగుతుంటే ఊరుకోవడం క్రూరత్వం అనిపించింది ఆయనకి. ముందుగా ఇది అబ్బాయితో ఒప్పందంగా కుదుర్చుకున్నాం కాబట్టి నిలబడింది. అతనికి తెలియకుండా మొదలుపెట్టి ఉంటే ఇంట్లో అందరూ దూరమయ్యారనుకునేవాడు. కొలవడం డాక్టర్ పని అని, టేపు అమ్మకి ఇచ్చేశాడు.

ఎగతాళిని మాత్రం ఆలోచనల పొరపాటుగా చూడకూడదు. అది జరుగుతోంది. స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడి, ప్రకటనలు లేకుండా, పేరు పెట్టిన పిల్లవాడితో విడిగా మాట్లాడించాం. ఆటకి ముందు బట్టలు మార్చుకోవడానికి అందరికీ వర్తించేలా వేరే ఏర్పాటు చేశారు. ఎవరైనా మళ్ళీ అంటే ఏమనాలో చాలా వాక్యాలు రాసి కొట్టేశాడు. చివరికి తనే ఒకటి ఎంచుకున్నాడు: "ఈ వయసులో వస్తుంది, పోతుంది. సర్వ్ చెయ్." అది అందరి నోరూ మూయించలేదు. ఇద్దరు ముగ్గురు చాలాకాలం అంటూనే ఉన్నారు.

ఇప్పుడు

తలనొప్పులు ముందే పోయాయి. చావు ఆలోచనలు రెండు నెలల గీత లోపలే తగ్గాయి, సైకియాట్రిస్టు అవసరం పడలేదు. ఆరు నెలల పరీక్షలో ఒక వైపు బాగా తగ్గిందని, ఇంకో వైపు కొంచెం మిగిలిందని డాక్టర్ చెప్పారు. అప్పటికి అతను జట్టులోకి తిరిగి వెళ్ళి కొన్ని వారాలైంది. తగ్గాక ఆడటం కాకుండా, ఆడుతుండగా తగ్గింది. ఈ వరుస నాకు ముఖ్యం. ఒంట్లో మార్పు తగ్గేదాకా ఆగి ఉంటే, దాచుకునే అలవాట్లు తగ్గిన ఒంటి మీద కూడా అలాగే ఉండిపోయేవి. పెద్దయ్యాక కూడా కొలనులో దిగని, లేత రంగు చొక్కా వేయని మగవాళ్ళు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. డాక్టర్లు ఎప్పుడో ఏమీ లేదన్నారని చెప్తారు వాళ్ళు.

మధ్యలో మొటిమలు మొదలైనప్పుడు పాత తంతు తిరిగొచ్చింది: ఫోన్ కెమెరా, దగ్గర నుంచి ఫోటోలు, రాత్రి అక్కని అడగడం. ఈసారి గుర్తుపట్టింది అక్క. జవాబు చెప్పకుండా పక్కన కూర్చుంది. ఒక్కసారి వచ్చి మాట్లాడి వెళ్ళాడు. చోటు మారినా పద్ధతి అదే కాబట్టి, కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేకపోయింది.

ఇప్పటికీ ఎవరి ముందూ చొక్కా విప్పడు. ఆ మెట్టు మా జాబితాలో పెట్టమని నాన్న అడిగారు. అబ్బాయి వద్దన్నాడు, నేనూ పెట్టలేదు. ఆడాలనుకుంటే ఆడగలుగుతున్నాడు, వెళ్ళాలనుకున్న చోటికి వెళ్తున్నాడు. అంతకు మించి తన ఒళ్ళు ఎవరికి చూపించాలన్నది అతని ఇష్టం.